మునగాల దగ్గర ఆగే బండి

బండి మళ్లీ ఆగింది. మునగాల ఇంకా రాలేదు. ముందర ధాబాల రేకులు మాత్రం కనిపిస్తున్నాయి. ఇంజను రెండుమూడు ఎక్కిళ్లు పెట్టింది. మా అన్న యాక్సిలేటర్ తొక్కిన కొద్దీ ఇంకా నీరసపడింది. చివరికి ఉన్న ఊపుతో రోడ్డు పక్క మట్టిలోకి దిగి నిలబడిపోయింది. హైవేను నాలుగు వరుసలు చేస్తున్న ఏడాది అది. ఒక పక్కంతా తవ్వి పెట్టారు. మిగిలిన పక్కన లారీలు మమ్మల్ని రాసుకుంటున్నట్టే హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా మా ట్రాలీ ఊగుతోంది.

వెనుక మా తండా ఆడవాళ్లు కూర్చున్నారు. చిలుకూరు దిక్కు నాట్లకు పోతున్నారు.  వాళ్లలోంచి శాంతాబాయి గొంతు వినిపించింది.

"ఏం వీరేందరూ, మునగాల నీ అత్తగారి ఊరా? వచ్చినప్పుడల్ల దిగుతున్నవ్!"

ఆడవాళ్లు నవ్వారు. అన్న నవ్వలేదు. స్టీరింగు మీద నుంచి చేతులు తీయకుండా నా వైపు చూశాడు.

"నువ్వు చెప్పిన బంకులనే పోయించిన గద," అన్నాడు.

నిజమే. డీజిల్లో నీళ్లు కలుస్తున్నాయేమో, ఈసారి వేరే బంకులో పోయించి చూడమని చెప్పింది నేనే. ఆ సంగతి అన్న అప్పటికే అందరికీ చెప్పి పెట్టాడు. కాబట్టి వెనుక నుంచి ఆ మాట కూడా వచ్చింది.

"నీళ్లంట! సదువుకున్న పిల్ల చెప్పిందట. నీళ్లుంటే మన బోర్లు ఎందుకు ఎండుతయే?"

మాది ఆత్మకూర్ (ఎస్) దగ్గర తండా. ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. బీఎస్సీ అయిపోయాక సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతున్నాను. ఆ రోజు ఆదివారం కాబట్టి బండి వెంట వచ్చాను. మేము ఇంట్లో మాట్లాడుకునేది లంబాడీ. ఇక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను, యాడి అన్న ఒక్క మాట తప్ప. యాడి అంటే అమ్మ.

అన్న పేరు వీరేందర్. పాత డీజిల్ ట్రాలీ ఒకటి కొనుక్కుని నడుపుకుంటున్నాడు. మామూలు రోజుల్లో మిరపకాయ బస్తాలు, గడ్డి మోపులు. నాట్ల కాలంలో మాత్రం శాంతాబాయి ముఠాయే బండికి తిండి. ముఠాకు ఆమె మేస్త్రి. ఎవరి పొలానికి ఎప్పుడు పోవాలో, ఏ బండిలో పోవాలో ఆమె మాటే చెల్లుతుంది. మాకు వరుసకు చిన్నమ్మ. నాట్లు మొదలైన దగ్గర నుంచి బండి ఇలాగే మునగాల దగ్గర ఆగుతోంది. ఆలస్యంగా పోతే రైతు ముఖం మాడ్చుకుంటాడు, సగం కూలీ అంటాడు. అందుకని శాంతాబాయి ముందురోజే గట్టిగా చెప్పింది.

"ఇదే ఆఖరు సూడు వీరేందరూ. దస్రు బండి ఖాళీగ ఉన్నది. మొహమాటానికి పోయి లారీల కింద పడలేం."

ముఠా దస్రు బండికి మారితే ఇక తిరిగి రాదు. ముఠా లేకపోతే బండి ఉంచుకుని లాభం లేదు. అన్న ఆ మాట పైకి అనలేదు గానీ, నాలుగు రోజులుగా అన్నం సగంలోనే లేస్తున్నాడు. ఇంజను ఆపి కూర్చున్నప్పుడు కూడా కాలు ఊపుతూనే ఉంటున్నాడు.

మెకానిక్కు చూపించలేదా అంటే, చూపించాం. సూర్యాపేటలో రామలింగయ్య అని పాత మెకానిక్కు. మనిషి మంచివాడు. మొదట డీజిల్ ఫిల్టర్ మార్చాడు. బండి అతని షెడ్డు నుంచి తండాకు గుర్రంలా వచ్చింది. మళ్లీ నాట్లకు పోయిన రోజు మునగాల దగ్గర ఆగింది. తర్వాత ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మార్చాడు. మళ్లీ అదే తంతు. తర్వాత ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు. షెడ్డులో ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా చప్పుడు చక్కగా ఉండేది. బండి ఎక్కి సూర్యాపేట చుట్టూ తిప్పి తెచ్చి, "ఇగ మంచిగున్నది పో" అనేవాడు. శనివారం బడి విడిచాక నేను కూడా షెడ్డుకు పోయాను. మెయిన్ పంపు దించాలి, మిర్యాలగూడలో పంపులు బాగుచేసే షాపుకు పంపాలి అన్నాడు.

"ఎన్ని దినాలు పడ్తది అన్నా?" అని అడిగాడు మా అన్న.

"అది చెప్పలేను వీరన్నా. సీజను గద, ట్రాక్టర్ల పంపులన్నీ గాడనే పడి ఉన్నయ్. సోమవారం పొద్దుగాల తోలుకరా, దించుదాం."

"పంపే ఖరాబైందని ఎట్ల తెలిసింది అంకుల్?" అని అడిగాను.

ఆయన కోపం తెచ్చుకోలేదు. "మిగిలినయన్నీ మార్చినం గద బిడ్డా. ఇగ మిగిలింది అదే," అన్నాడు.

ఆ జవాబు నాకు మింగుడు పడలేదు. బడిలో పిల్లవాడు కడుపునొప్పి అంటే ముందు ఏం తిన్నావని అడుగుతాం కదా. కానీ నా దగ్గర మాత్రం వేరే జవాబు ఎక్కడుంది? బంకు మార్చమన్నాను, అంతే. అదీ అయిపోయింది.

యాడికి మాత్రం జవాబు ముందే తెలుసు. మా యాడి పేరు లక్ష్మీబాయి. "ఎవలదో దిష్టి" అని మొదలుపెట్టి, తర్వాత పేరు కూడా పెట్టేసింది. మొదటి రోజు శాంతాబాయి ట్రాలీ ఎక్కుతూ, "బండి ఎంత ముద్దుగున్నదే లక్ష్మీ" అన్నదట. అప్పటి నుంచే అని యాడి తండా అంతా చెప్పింది. శాంతాబాయి చెవిన కూడా పడింది. ఇద్దరూ బోరు దగ్గర ఎదురుపడినా మాట్లాడుకోవడం లేదు. ఆ మాట విన్న వెంటనే ఒకసారి, తర్వాత బండి ఆగి వచ్చిన ప్రతిసారీ యాడి పళ్లెం తెచ్చి దిష్టి తీసేది, పసుపులో సున్నం కలిపి బండికి ఎక్కడెక్కడ పెట్టాలో అంతటా పెట్టేది.

ఇదంతా తలుచుకునే సమయం ఆ రోడ్డు మీద లేదు. అన్న దిగాడు. ఆగిన ప్రతిసారీ చేసేదే చేశాడు. ముందు ట్రాలీ కిందికి వంగి, పక్కనున్న డీజిల్ ట్యాంకు మూత తిప్పాడు, డీజిల్ ఉందో లేదో చూద్దామని. మూత వదులు కాగానే ఉస్స్‌మని చప్పుడైంది.

ట్రాలీలో ఆ పక్కనే కూర్చున్న ముసలామె సాలి తొంగి చూసింది. "అదేం సప్పుడురా?"

"ఎప్పుడూ వస్తదవ్వా. గ్యాసు," అన్నాడు అన్న.

"గ్యాసు బయటికి రావాలె గదరా. ఇదేంది, పీల్చుకున్నట్టున్నది?"

నేనూ దిగి వంగి చూశాను. అన్న మూత పట్టుకోవడానికి వాడిన గుడ్డపేలిక అంచు ట్యాంకు నోట్లోకి పోయి ఉంది. అన్న దాన్ని లాగి భుజాన వేసుకున్నాడు. అతను పట్టించుకోలేదు. రోజూ చూస్తున్నదే కదా.

సాలి ఇంకా వదల్లేదు. "మొన్న నాకు దవాఖానల గ్లూకోజు ఎక్కిచ్చిన నాడు గిట్లనే అయింది. సీసా నిండ నీళ్లున్నయ్, సుక్క పడకపాయె. డాక్టరొచ్చి సీసా నెత్తిన సూది గుచ్చిండు. గాలి పోతెనే నీళ్లు దిగుతయ్ అన్నడు."

"అయితే బండికి గూడ ఒక సీసా ఎక్కియ్యిరా వీరేందరూ," అంది ఎవరో. అందరూ నవ్వారు.

నేను నవ్వలేకపోయాను. 

"అన్నా, ఆగిన రోజుల్ల ట్యాంకు ఎట్లుండె?"

"ఎట్లుంటది? ఫుల్. నాట్లకు పోయే నాడు సూర్యాపేటల ఫుల్ కొట్టిస్త. ఆడోళ్లను ఎక్కించుకొని మళ్ల బంకుల ఆపుడెందుకని."

"వచ్చేటప్పుడు ఎప్పుడన్న ఆగిందా?"

అన్న ఆలోచించాడు. "ఆగలే."

"రామలింగన్న కాడికి ఫుల్ ట్యాంకు తోని పోయినవా?"

"పిచ్చా నీకు? అక్కడ పైపులు ఇప్పుతరు, డీజిలంత మట్టిపాలైతది. జరంత ఉంచుకొనే పోత. ఆయన డీజిల్ సీసాల పోసి ఇంజనుకు తగిలిచ్చి నడుపుతడు." చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. "ఎందుకడుగుతున్నవ్?"

ట్యాంకు నిండుగా ఉంటే లోపల గాలికి చోటు తక్కువ. డీజిల్ ఖర్చయిన కొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. రాకపోతే లోపలి డీజిలు కదలదు, పంపు ఎంత పీల్చినా. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపల ఉన్న గాలే కొంతదూరం సరిపోతుంది. సూర్యాపేటలో నింపితే మునగాల దాకా వచ్చి ఆగుతుంది. మూత తీసి చూస్తాం కాబట్టి గాలి లోపలికి పోయి మళ్లీ నడుస్తుంది. రామలింగయ్య ఏ సామాను మార్చినా ముందు పైపులు విప్పుతాడు, ట్యాంకు మూత తీస్తాడు. అందుకే ఏది మార్చినా బాగైనట్టే కనిపించింది. ఇదంతా అన్నకు గబగబా చెప్పాను. సగమే అర్థమైనట్టుంది.

"అయితే ఇప్పుడేం చెయ్యాలె?"

"మూత బిగించి మళ్ల నడుపుదాం. మళ్ల ఆగితే, మూత తియ్యగానే నడిస్తే, అదే."

"ఆగనీకి నడపాల్నా?" అన్న గొంతు లేచింది. "వెనుక ఆమె సూడు, చెప్పులేసుకుంటున్నది దిగనీకి. ఇంకోసారి ఆగిందంటే నడుచుకుంటనే పోతది."

అతని మాటా నిజమే. నాకు ఖాయంగా తెలియాలంటే బండి ఇంకోసారి ఆగాలి. అది ఆగితే ముఠా పోతుంది. లారీలు పోతూనే ఉన్నాయి. శాంతాబాయి నిజంగానే ట్రాలీ అంచు పట్టుకుని నిలబడి ఉంది.

చివరికి అన్న మూత పూర్తిగా బిగించకుండా, పేలిక చుట్టి, పైన ఆనించాడు. ఫిల్టర్ దగ్గర చేతి పంపు కొట్టి స్టార్ట్ చేశాడు. చిలుకూరు దాకా బండి ఆగలేదు. కానీ అది మామూలే, రెండోసారి ఎప్పుడూ ఆగేది కాదు. కాబట్టి దాంతో ఏమీ తేలలేదు. దారంతా అన్న చెవి ఇంజను మీదే ఉంది. ఎక్కడ చిన్న గతుకు వచ్చినా భుజాలు బిగుసుకుంటున్నాయి.

పొలం గట్టున శాంతాబాయి అందరికన్నా చివర దిగింది. చీర మోకాళ్ల పైకి చెక్కుకుంటూ అన్నతో అంది, "పొద్దుమీకే దాకా టైముంది నీకు. ఏమైందో తెలుసుకొని చెప్పు. 'ఇప్పుడైతే నడుస్తున్నది' అనకు. ఆ మాట నాట్లు మొదలైనప్పటి సంది వింటున్న. ఎందుకు ఆగుతున్నదో చెప్తెనే ఎక్కుతం."

కోదాడ పోయి ట్యాంకు మళ్లీ నిండా పోయించాం. బంకులో పిల్లాడు, "ఫుల్లేనా అన్నా? పైదాకా పోయనా?" అని రెండుసార్లు అడిగాడు. పోయమన్నాం. మూత అన్న చేతులతోనే గట్టిగా బిగించాడు.

"మునగాల దిక్కు పోదమా?"

"వద్దు. మునగాల లేని దిక్కు పోదాం," అన్నాను.

హుజూర్‌నగర్ రోడ్డు పట్టాం. ఆగాలని కోరుకుంటూ బండి నడపడం మా ఇద్దరికీ అదే మొదలు. కాలువ వెంట పోతున్నాం. రెండు పక్కలా మడుల్లో ఆడవాళ్లు వంగి నాట్లేస్తున్నారు. బండి నున్నగా పోతోంది. ఎంత బాగా పోతే నాకు అంత కంగారుగా ఉంది. అన్న మీటరు చూస్తాడు, నన్ను చూస్తాడు.

"సూసినవా? నడుస్తనే ఉన్నది."

"జర ఆగు."

"పంపే అయి ఉంటది. ఊకె తిరుగుతున్నం. మిర్యాలగూడకే పోతే అయిపోవు."

నేను చున్నీ కొస చేతికి చుట్టుకుంటూ కూర్చున్నాను. కాలువ వంతెన దాటాక ఇంజను ఎక్కిలి పెట్టింది. అన్న యాక్సిలేటర్ మీద నుంచి కాలు తీసేశాడు, మళ్లీ తొక్కాడు. ఇంకో ఎక్కిలి. బండి పక్కకు ఒరిగి ఆగింది.

అన్న నవ్వాడు. నాట్లు మొదలయ్యాక నేను అతని నవ్వు చూడటం అదే. తలుపు కూడా వేయకుండా దిగి పరిగెత్తాడు. మూత తిప్పాడు. ఉస్స్‌మంది. పేలిక అడ్డం పెడితే లోపలికి లాగింది. రెండోసారి కూడా చూడాలని మూత వదులుగా పెట్టి అంతకన్నా ఎక్కువ దూరం తోలాడు. ఆగలేదు. ఇంకొంచెం తోలాడు. ఆగలేదు.

చెట్టు నీడకు ఆపి మూత చేతిలోకి తీసుకున్నాం. గాలి పోవడానికి మూతకు సన్న తొర్ర ఉండాలి. ఎక్కడా కనిపించలేదు. మూత నడుమ మందంగా పెచ్చు కట్టి ఉంది. ఎండి గట్టిపడిన పసుపు, కుంకుమ రంగులో. మీద ఒక పొర, కింద ఒక పొర, దాని కింద ఇంకొకటి. అన్న తుమ్మ ముల్లు విరిచి గీకాడు. పెచ్చు ఊడింది. కింద సూది మొనంత తొర్ర, దాని నిండా పసుపు. ముల్లు గుచ్చి ఊదితే గాలి అటు పోయింది.

"యాడి," అన్నాడు అన్న. 

ఎద్దుకైతే నొసట బొట్టు పెడతాం, బండి తిండి తినేది ఇక్కడ కదా, ఇక్కడ పెట్టాలె అనేది యాడి. సున్నం కలిపిన పసుపు. ఆగినప్పుడల్లా ఇంకొంచెం మందంగా పెట్టింది. ఆమె పెట్టిన కొద్దీ బండి ఆగింది, బండి ఆగిన కొద్దీ ఆమె పెట్టింది.

"శాంతాబాయికి చెప్పొద్దు," అన్నాడు అన్న కాసేపయ్యాక. "యాడి ఆమె మీద ఎన్ని మాటలన్నది! ఇది తెలిస్తే తండాల యాడి తలెత్తుకోలేదు."

"చెప్పకుంటే ఎక్కరు గద?"

"ఏదో ఒకటి చెప్త."

సాయంత్రం ఆడవాళ్లు కాళ్ల బురద కాలువలో కడుక్కుని వచ్చారు. శాంతాబాయి నేరుగా అన్న దగ్గరికి వచ్చింది.

"దొరికిందా?"

"దొరికింది చిన్నమ్మా. మూతకు గాలి ఆడుత లేదు. సాలవ్వ చెప్పిన గ్లూకోజు సీసా లెక్కనే. ఇప్పుడు సాఫ్ చేసిన. ఫుల్ ట్యాంకు తోని తిప్పి సూసినం."

"నేను చెప్పలే?" అంది సాలి వెనుక నుంచి.

"గాలి ఎందుకాడలే?" శాంతాబాయి వదల్లేదు.

"మట్టి పట్టింది."

శాంతాబాయి ట్రాలీ పక్కన గొంతుక్కూర్చుంది. మూత చూసింది. నడుమ గీకాడు గానీ అంచు గాడుల్లో పసుపు అలాగే ఉంది. వేలితో రాసి వాసన చూసుకుంది. తర్వాత తలెత్తి మా ఇద్దరినీ చూసింది.

"మీ మట్టి పసుపు వాసనొస్తున్నదేందిరా?"

అన్న తల వంచుకున్నాడు. ఇంక నేను ఊరుకోలేకపోయాను. "చిన్నమ్మా, యాడి బండి మంచికే పెట్టింది. గాడ తొర్ర ఉంటదని ఎవలకు తెలుసు? మెకానిక్కుకే తట్టలే."

"బండి మంచికి గాదు, నా దిష్టికి పెట్టింది," అంది శాంతాబాయి.

ఆడవాళ్లు దగ్గరికి జరిగారు.  ఆమె కోపంగా లేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం లేవలేక గట్టు మీదే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నా కన్ను కన్న మీ అమ్మ చెయ్యే గట్టిదే!" అంది. తర్వాత నవ్వు ఆపి అన్నను చూసింది. "రేపు జల్ది రా. దస్రుకు నేను చెప్పుకుంట. కానీ ఒక్కటి. మీ అమ్మకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

"మేమే చెప్తం," అన్నాను.

దారిలో అన్న రామలింగయ్యకు ఫోన్ చేసి సంగతి చెప్పాడు.  ఆయన, "ఫుల్ ట్యాంకు తోని ఒక్కనాడన్న తేలేదు గదరా నువ్వు," అన్నాడు. "నేనన్న అడగాలె. అడగలే," అని పెట్టేశాడు. సోమవారం రమ్మని మళ్లీ అనలేదు.

ఇంటికి పోయేసరికి యాడి పళ్లెం పట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది. దిష్టి తీయబోతుంటే ఆపి, నేనే చెప్పాను. ఆమె నమ్మలేదు. పళ్లెం కింద పెట్టి ట్రాలీ పక్కన కూర్చుంది.

"ఏది? ఎక్కడ తొర్ర?"

చూపించాను. వేలు పెట్టి తడిమింది. "గింత తొర్రకు గంత బండి ఆగుతదా?"

"ఆగుతది యాడి."

చాలాసేపు మూతనే చూసింది. "అయితే ఇన్ని దినాలు దాని గొంతు పట్టుకున్నది నేనా?"

ఎవరికీ తెలియదని, తప్పు కాదని ఎన్ని రకాలుగానో చెప్పాను. వింటున్నట్టే ఉంది గానీ అన్నం తినలేదు. "శాంతకు తెలుసా?" అని ఒక్కసారి అడిగింది. తెలుసన్నాను.  వాకిట్లోకి పోవడం, రావడం, బండి చుట్టూ తిరగడం. 

తెల్లవారి ఆడవాళ్లు ట్రాలీ ఎక్కుతున్నారు. యాడి వచ్చి, ఎవరితో ఏమీ అనకుండా, ముందు తలుపు తీసి అన్న పక్కన కూర్చుంది. ఆమె ఆ బండి ఎక్కడం అంతకు ముందు నేను చూడలేదు.

"ఎటు యాడి?" అన్నాడు అన్న.

"మునగాల దాకా."

బడికి ఫోన్ చేసి ఆ పూట సెలవు అడిగాను. ముగ్గురం ముందు ఇరుక్కుని కూర్చున్నాం. సూర్యాపేటలో ట్యాంకు నిండా పోయించాడు అన్న. మూత బిగించాడు. యాడి కిటికీలోంచి తల బయట పెట్టి, బిగించేటప్పుడు చూసింది.

హైవే ఎక్కాం. అన్న చెవి ఇంజను మీద, యాడి కళ్లు అన్న కాలి మీద. లారీ దాటినప్పుడల్లా ఆమె ముందున్న కడ్డీ పట్టుకుంటోంది. దూరంగా ధాబాల రేకులు కనిపించాయి.

"ఇక్కడనేనా ఆగేది?"

"ఇక్కడనే."

"అయితే ఆపకు. పో."

అన్న వేగం పెంచలేదు, తగ్గించలేదు. ఇంజను ఒక్కటే చప్పుడుతో పోతోంది. ధాబాలు వెనక్కి పోయాయి. మునగాల కూడా వెనక్కి పోయింది. ఇక దిగుతానని యాడి అనలేదు. సీటుకు వీపు ఆనించనూ లేదు. వెనుక ట్రాలీలో శాంతాబాయి ఏదో అంది. ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు.

"ఏమన్నదది?" అని అడిగింది యాడి.

ఇంజను చప్పుడులో మాకు వినిపించలేదు.